చీలమండ అతికించే ముందు కాలి పొడవు కొలవండి

సంపాదకులకు నమస్కారం.

మోకాలి మార్పిడి గురించి, తుంటి కీలు గురించి మీ ఆరోగ్యం పేజీలో తరచూ చదువుతుంటాం. చీలమండ వంతు వచ్చేసరికి బెణుకు, ఐసు ముక్క, క్రేప్ బ్యాండేజీ దగ్గరే మాట ఆగిపోతుంది. చీలమండ గుజ్జు పూర్తిగా అరిగిపోయి, అదే కాలు రెండో కాలికన్నా రెండు మూడు సెంటీమీటర్లు పొట్టిగా ఉన్నవాళ్లు హైదరాబాద్‌లో చాలామందే ఉన్నారు. చిన్నప్పుడు పోలియో వచ్చినవాళ్లు, బైకు మీంచి పడి కాలి కింది భాగం నుజ్జయినవాళ్లు, పరంజా మీంచి జారి పాదాల మీద పడిన మేస్త్రీలు, కీలులో టీబీ పట్టినవాళ్లు, పుట్టుకతో వంకర పాదం ఉన్నవాళ్లు. నొప్పికి ఒక డాక్టరు దగ్గరికీ, కుంటుకు ఇంకో చోటికీ తిరుగుతుంటారు. మొదటి చోట కీలు అతికించాలంటారు, అంటే గుజ్జు గీకి ఎముకలను ఒకటిగా కలిపి కదలిక ఆపేయాలంటారు; రెండో చోట చెప్పు ఎత్తు చేయించుకొమ్మంటారు. ఒకే కాలికి రెండు వేర్వేరు లెక్కలు వేయడం దగ్గరే అసలు నష్టం మొదలవుతోంది. అది ఎలా జరుగుతుందో, ఎలా ఆపవచ్చో వివరంగా రాస్తున్నాం. కాస్త పొడుగైనా ప్రచురించమని మనవి.

మోకాలు, తుంటి ఎక్కువగా వయసుతో అరుగుతాయి. చీలమండ అరిగిందంటే మాత్రం చాలావరకు వెనక ఒక పాత దెబ్బ ఉంటుంది. ఈ కీలులో గుజ్జు మందం దాదాపు ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లే. పైనున్న పెద్ద ఎముక, పక్కనున్న సన్న ఎముక కలిసి గొడుగులా పట్టుకుంటే ఆ గొడుగు కింద టాలస్ అనే ఎముక ఆడుతుంది. ఆ టాలస్ ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగినా రెండు ఎముకలూ ఆనుకునే వైశాల్యం 42 శాతం తగ్గుతుందని 1976లోనే ప్రయోగం చేసి చూపించారు. విరిగిన చీలమండను కాస్త వంకరగా అతకనిచ్చినా పదేళ్లలో గుజ్జు ఎందుకు పోతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. ఎముక చివర నుజ్జయి కూరుకుపోతే పొడవూ తగ్గుతుంది. పోలియోలో దారి వేరు. కండరాలు పడిపోయిన కాలు పిల్లవాడితో సమానంగా పెరగదు. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరి 13న నమోదైంది. డెబ్భైల్లో, ఎనభైల్లో ఆ జబ్బు బారిన పడ్డవాళ్లు ఇప్పుడు నలభై, యాభై దాటారు. ఇన్నేళ్లూ వంకరగా మోసిన చీలమండలు ఇప్పుడు అరిగి నొప్పి పెడుతున్నాయి.

ఇప్పుడు అసలు మోసం ఎక్కడుందో చూడండి. కాలు పొట్టిగా ఉన్న మనిషి ఏళ్ల తరబడి ముని వేళ్ల మీద నడిచి ఆ తేడాను తనే పూడ్చుకుంటాడు. క్రమంగా మడమ నరం కుంచించుకుపోయి పాదం కిందికి వంగి అక్కడే బిగుసుకుంటుంది. 20 డిగ్రీలు కిందికి వంగిన పాదం ఆ కాలికి మూడు, నాలుగు సెంటీమీటర్ల పొడవు అరువిచ్చినట్టే. ఆపరేషన్ బల్ల మీద ఆ పాదాన్ని చక్కగా సమతలానికి తెచ్చి అతికిస్తారు. ఎక్స్‌రే అందంగా ఉంటుంది. రోగి లేచి నిలబడేసరికి అరువు తీరిపోయి, అప్పటిదాకా దాగిన పొట్టితనం ఒక్కసారిగా బయటపడుతుంది. దానిమీద ఆపరేషన్ సొంతంగా చేర్చే కోత ఇంకొంత ఉంటుంది. కీలు గుండ్రటి ఆకారాన్ని అలాగే ఉంచి గుజ్జు మాత్రం గీకితే అర సెంటీమీటరు లోపే పోతుంది. పలకలుగా కోసి జత చేస్తే ఒకటి నుంచి ఒకటిన్నర సెంటీమీటరు పోతుంది. రక్తం అందక టాలస్ చచ్చిపోయి దాన్ని తీసేసి పెద్ద ఎముకను నేరుగా మడమ ఎముకకు అతికిస్తే సుమారు 3 సెంటీమీటర్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే. రెండు సెంటీమీటర్ల తేడాతో లోపలికి వెళ్లిన మనిషి ఐదు సెంటీమీటర్ల తేడాతో బయటికి వస్తే నొప్పి పోయిందన్న సంతోషం ఎన్నాళ్లు నిలుస్తుంది? నడుము నొప్పి, రెండో మోకాలి నొప్పి వరుసగా మొదలవుతాయి.

అందుకే కొలత ముందు. అది కూడా సరైన కొలత. ఓపీలో సాధారణంగా తుంటి ముందు తగిలే ఎముక మొన నుంచి చీలమండ లోపలి వైపు గుబ్బ దాకా టేపు పెడతారు. తొడ, పిక్క ఎముకల పొడవుకు అది బాగానే పనికొస్తుంది. చీలమండ జబ్బులో మాత్రం అదే టేపు తప్పుదారి పట్టిస్తుంది. టాలస్ కూరుకుపోయినా, మడమ ఎముక చితికి ఎత్తు తగ్గినా ఆ నష్టమంతా గుబ్బకు కిందే ఉంది. టేపు అక్కడిదాకా రానేరాదు. అందుకని మనిషిని నిలబెట్టి చెక్క పలకలతో కొలవాలి. అర సెంటీమీటరు మందం పలకలు పది ఉంటే చాలు, ఏ వడ్రంగి అయినా గంటలో కోసిస్తాడు. పొట్టి కాలి కింద ఒక్కొక్కటే పేరుస్తూ పోవాలి, మోకాళ్లు రెండూ నిటారుగా ఉండాలి. వెనక కూర్చున్నవాళ్లు రెండు చేతులూ నడుము ఎముకల మీద ఆనించి అవి సమానమయ్యేదాకా చూడాలి. ఆ తర్వాత రోగినే అడగాలి: ఎన్ని పలకల మీద హాయిగా ఉంది? తరచూ ఆయన చెప్పే సంఖ్య మన సంఖ్య కన్నా ఒకటి రెండు పలకలు తక్కువ ఉంటుంది. రెండూ రాసి పెట్టుకోవాలి. ఈ పరీక్ష రెండుసార్లు చేయాలి. ఒకసారి పాదం ఉన్న తీరులో, రెండోసారి వంగిన మడమ కింద ముక్క పెట్టి పాదం సమతలంగా ఉంటే ఎలా ఉంటుందో అలా. ఆ రెంటికీ మధ్య తేడానే దాగి ఉన్న పొట్టితనం.

మోకాలు పూర్తిగా చాపలేకపోయినా, తుంటి లోపలికి లాగుకుపోయినా, వెన్ను పక్కకు వంగి బిగుసుకున్నా కాలు ఉన్నదానికన్నా పొట్టిగానో పొడుగ్గానో కనపడుతుంది. ఎముక పొట్టిదా, కనపడటమే పొట్టా అన్నది తేల్చడానికి తుంటి నుంచి పాదం దాకా ఒకే ఫిల్ములో, నిలబెట్టి, పొట్టి కాలి కింద పలకలు పెట్టి తీసిన ఎక్స్‌రే కావాలి. స్కానోగ్రామ్ అని అడిగితే చాలా డయాగ్నోస్టిక్ సెంటర్లలో అర్థమవుతుంది. అయితే పడుకోబెట్టి తీసిన దాంతో పని జరగదని ముందే చెప్పాలి. చీలమండ ఎక్స్‌రే కూడా కాలు మీద బరువు మోపి నిలబడి తీసిందే పనికొస్తుంది. పడుకుని తీసిన ఫిల్ములో సందు కాస్త ఉన్నట్టు కనపడిన కీలు నిలబడితే ఎముకకు ఎముక ఆనుకుపోయి ఉంటుంది. మడమ ఎటువైపు ఒరిగిందో చూడటానికి వెనక నుంచి ఇంకో ఫిల్ము తీయాలి. చీలమండకు కిందనే ఇంకో కీలు ఉంది, పాదాన్ని పక్కలకు తిప్పేది. నొప్పి పైదానిదా కిందిదానిదా తేలకపోతే ఒక్కో కీలులో విడివిడిగా మత్తుమందు ఇంజక్షన్ ఇచ్చి గంటసేపు నడిపించి చూడవచ్చు. దేన్ని మొద్దుబారిస్తే నొప్పి పోయిందో అదే దోషి. ఈ చిన్న పరీక్ష చేయకుండా తప్పు కీలును అతికిస్తే నొప్పి అక్కడే ఉంటుంది, కదలిక మాత్రం పోతుంది.

లెక్క తేలాక దారులు చాలానే ఉన్నాయి. మొత్తం తేడా, అంటే ఆపరేషన్ తర్వాత మిగలబోయే తేడా, 2 సెంటీమీటర్ల లోపైతే ఎముక సాగదీసే పని పెట్టుకోవద్దని మా గట్టి అభిప్రాయం. చీలమండ అతికించి, చెప్పులో సర్దుకోవడం మంచిది. పైగా అతికిన చీలమండ పైకి లేవదు కాబట్టి కాళ్లు సరిసమానంగా ఉంటే అడుగు తీసేటప్పుడు బొటనవేలు నేలకు గీసుకుంటుంది. అతికించిన కాలు ఒక సెంటీమీటరు పొట్టిగా ఉండటమే నడకకు మేలు. 2 నుంచి 5 సెంటీమీటర్ల మధ్య ఉన్నవాళ్ల దగ్గరే అసలైన ఆలోచన ఉంటుంది. వయసు, పని, షుగరు, రక్తప్రసరణ, ఇంట్లో చూసుకునే మనుషులు, ఆరు నెలలు పనికి వెళ్లకపోతే ఇల్లు గడిచే తీరు, ఇవన్నీ ఎక్స్‌రేతో సమానంగా తూగాలి. రెండో కాలి తొడ ఎముకను కోసి పొట్టి చేసే పద్ధతి ఒకటుంది. లెక్కప్రకారం అది తేలిక. కానీ ఉన్న ఒక్క మంచి కాలిని కోయనివ్వడానికి ఎవరికీ మనసొప్పదు, ఆ భయాన్ని గౌరవించాలి.

కృత్రిమ చీలమండ గురించి ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. ఎముక గట్టిగా ఉండి, కాలు వంకర పెద్దగా లేక, చీము చరిత్ర లేనివాళ్లకు, ముఖ్యంగా రెండు చీలమండలూ పోయిన కీళ్లవాతం రోగులకు అది మంచిదే. పోలియోతో కండరాలు పడిపోయినవాళ్లకు, షుగరుతో పాదాల స్పర్శ పోయినవాళ్లకు, టాలస్ చచ్చిపోయినవాళ్లకు అది తగదు. పొడవు తేడాను అది తీర్చదు. గుజ్జు సగమే పోయి, ఒక పక్కే అరిగిన కీలైతే పైన ఎముకను కోసి వంకర సరిచేసి బరువును మంచి పక్కకు మళ్లించవచ్చు. ఈ రెంటి గురించీ ఇంతకు మించి ఇక్కడ రాయం.

తీవ్రంగా అరిగిన కీలుకు నమ్మకమైన పని ఇప్పటికీ అతికింపే. గుజ్జంతా గీకి, కింద గట్టిపడిన ఎముకకు సన్న డ్రిల్లుతో చిల్లులు పెట్టి రక్తం ఊరేలా చేసి, రెండు ముక్కలనూ 6.5 లేదా 7 మిల్లీమీటర్ల స్క్రూలు రెండు మూడింటితో ఒకదానికొకటి నొక్కి పడతారు. పాదం పెట్టే కోణం అన్నిటికన్నా ముఖ్యం. పైకీ కిందికీ వంగకుండా సరిగ్గా 90 డిగ్రీలు, మడమ బయటికి 5 డిగ్రీల లోపు, పాదం బయటికి తిరిగి ఉండటం రెండో పాదంతో సమానంగా. టాలస్‌ను కాస్త వెనక్కి నెట్టి పెడితే అడుగు తీయడం సులువవుతుంది. పాదం కిందికి వంగి అతికితే అడుగడుగునా మోకాలు వెనక్కి వంగుతుంది, కొన్నేళ్లకు ఆ మోకాలూ చెడుతుంది. మడమ లోపలికి ఒరిగి అతికితే పాదం బయటి అంచు మీద కాయలు కాస్తాయి. కట్టు కట్టిన ఆరు వారాలూ ఆ కాలు నేల మీద మోపకూడదు. అతకడానికి మూడు, నాలుగు నెలలు పడుతుంది. పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి అతుకుతుంది. అతకని వారిలో పొగ తాగేవాళ్లు ఎక్కువ కనపడతారు. బీడీ, సిగరెట్టే కాదు, జర్దా పాన్, ఖైనీ, గుట్కా దేనిలో ఉన్నా నికోటిన్ నికోటినే. ఆపరేషన్‌కు కనీసం ఆరు వారాల ముందు మానేసి, ఎముక అతికేదాకా ముట్టకూడదు. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు చెప్పే పరీక్ష) 8 దాటి ఉంటే ఆపరేషన్ తేదీ వాయిదా వేయడమే మంచిది.

పొడవు కూడా కావాల్సినవాళ్లకు రింగుల పద్ధతి వస్తుంది. రష్యాలోని కుర్గాన్‌లో ఇలిజారోవ్ అనే డాక్టరు 1950ల నుంచి తీర్చిదిద్దిన పద్ధతి ఇది. ఎముకను జాగ్రత్తగా కోసి మెల్లగా దూరం జరిపితే ఆ సందులో కొత్త ఎముక పుడుతుందన్నది దాని సారం. మన విషయంలో దీని అందం ఏమిటంటే ఒకే చట్రం కింద కీలును నొక్కి అతికిస్తుంది, పైన ఎముకను సాగదీస్తుంది. చీలమండ అతకడానికి ఎలాగూ మూడు, నాలుగు నెలలు పట్టాలి. ఆ కాలంలోనే పైన మూడు సెంటీమీటర్ల ఎముక పుట్టవచ్చు. రెండు ఆపరేషన్లు, రెండు మత్తులు, రెండు సెలవులు ఒక్కటవుతాయి. పాత ఆపరేషన్ ప్లేట్లలో చీము పట్టినవాళ్లకు ఇది ఇంకా మేలు. కీలు లోపల శాశ్వతంగా ఉండే లోహం ఏదీ ఉండదు. పైన ఎముకను కోసినప్పుడు కాలంతటికీ రక్తప్రసరణ పెరుగుతుంది, కింద అతుకుకు అదీ కలిసొస్తుంది.

చట్రం ఎలా ఉంటుందంటే, మోకాలి కింద ఒక రింగు లేదా రెండు, పిక్క కింది భాగంలో ఒకటి రెండు, పాదానికి గుర్రపు నాడా ఆకారంలో ఒకటి. 1.8 మిల్లీమీటర్ల సన్న తీగలను ఎముక గుండా అటు నుంచి ఇటు దూర్చి సైకిల్ చక్రం పుల్లల్లా బిగిస్తారు. కొన్నిచోట్ల 5 లేదా 6 మిల్లీమీటర్ల లావు పిన్నులు వాడతారు. చీలమండ గుజ్జు గీకి, పాదాన్ని సరైన కోణంలో పెట్టి కింది రింగులను నొక్కుతారు. తర్వాత మోకాలి చిప్ప కింద తగిలే గుబ్బకు దిగువన పెద్ద ఎముకను, వేరే చోట సన్న ఎముకను కోస్తారు. సన్న ఎముకను రెండు కొసల్లోనూ తీగతో పెద్ద ఎముకకు పట్టి ఉంచాలి. మరిచిపోతే పెద్ద ఎముక సాగుతుంటే సన్న ఎముక దారి తప్పుతుంది. పైన మోకాలి పక్క కీలు కిందికి జారుతుంది.

కోసిన ఏడు రోజుల దాకా సాగదీయరు. అప్పుడు మొదలుపెట్టి రోజుకు ఒక మిల్లీమీటరు. కడ్డీ మర ఒక చుట్టుకు ఒక మిల్లీమీటరు జరుగుతుంది కాబట్టి పావు చుట్టు చొప్పున రోజుకు నాలుగుసార్లు నట్టు తిప్పాలి. పొద్దున ఆరు, మధ్యాహ్నం పన్నెండు, సాయంత్రం ఆరు, పడుకునే ముందు. రాత్రి మరిచిపోయామని పొద్దున రెండు పావులు ఒకేసారి తిప్పొద్దు. నరాలు, రక్తనాళాలు ఆ కుదుపు తట్టుకోవు. ఇంట్లో జరిగే పెద్ద పొరపాటు నట్టును ఎదురు దిశలో తిప్పడం. దాని తర్వాతది పైన తిప్పాల్సినవి వదిలి కింద నొక్కే నట్లను తిప్పడం. డిశ్చార్జికి ముందే పైనున్న నట్లకు ఎర్ర గోళ్ల రంగు, కిందున్న వాటికి నీలం పూసి, తిప్పే వైపు బాణం గుర్తు పెట్టించుకోండి. నట్టు తిప్పేవాళ్లు ఇంట్లో ఒక్కరే ఉండాలి, నోటుబుక్కులో టిక్కు పెట్టాలి. వారానికోసారి రింగుల మధ్య దూరం స్కేలుతో కొలవాలి. పది రోజులు తిప్పాక సెంటీమీటరు పెరగకపోతే ఎక్కడో తప్పు జరుగుతున్నట్టే. పది, పదిహేను రోజులకోసారి ఎక్స్‌రే తీసి, కొత్త ఎముక పలచగా కనపడితే వేగం సగానికి తగ్గిస్తారు. మరీ గట్టిగా కనపడితే కాస్త పెంచుతారు, లేకపోతే ముందే అతుక్కుపోయి నట్టు తిరగడం మొరాయిస్తుంది.

మూడు సెంటీమీటర్లకు సాగదీయడం నెల రోజులు. పుట్టిన ఎముక గట్టిపడటానికి దానికి రెండింతలు, ఒక్కోసారి మూడింతలు. సెంటీమీటరుకు నెలా నెలన్నర చొప్పున చట్రం కాలిమీద ఉంటుందనుకుని ఇంటి ఖర్చు, సెలవు లెక్కేసుకోండి. ఒక నెలలో తీసేస్తారన్న మాట నమ్మి పని మానేసినవాళ్లు మధ్యలో కుంగిపోతారు, నట్టు తిప్పడం వదిలేస్తారు. ఎక్స్‌రేలో ఎముక నాలుగు అంచుల్లో కనీసం మూడైనా గట్టిపడ్డాయని కనపడ్డాకే తీయాలి. ముందు కడ్డీలు వదులు చేసి రెండు వారాలు నడిపించి, నొప్పి, వంకర లేవని చూసుకుని తీస్తారు. ఆ తర్వాత కూడా నెలా నెలన్నర కట్టో, బ్రేసో ఉంటుంది. తొందరపడి తీస్తే కొత్త ఎముక వంగుతుంది, విరుగుతుంది. అప్పుడు నాలుగు నెలల శ్రమ మళ్లీ మొదటికొస్తుంది.

ఇంట్లో చూసుకునేవాళ్లు ఒక్క విషయం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. మోకాలి కింద దిండు పెట్టొద్దు. ప్రేమకొద్దీ ప్రతి ఇంట్లోనూ పెడతారు. పిక్క కండరం మోకాలి పైనుంచి మొదలై మడమ దాకా వస్తుంది. కింద చీలమండ చట్రంలో కదలకుండా ఉంది, పైన ఎముక సాగుతోంది. అంటే ఆ లాగుడంతా మోకాలి మీద పడి అది వంగిపోవాలని చూస్తుంది. దిండు దానికి సాయం చేస్తుంది. నెల రోజుల్లో మోకాలు చాపలేని స్థితి వస్తే సంపాదించిన మూడు సెంటీమీటర్లూ ఆ వంపులో పోయినట్టే. దిండు పెట్టాలంటే పాదం రింగు కింద పెట్టండి, మోకాలు గాలిలో చాపుకుని ఉంటుంది. గంటకోసారి తొడ కండరం బిగించి మోకాలిని కిందికి నొక్కే కసరత్తు చేయించండి. కాలి వేళ్లు కూడా కిందికి ముడుచుకుంటాయి. మెత్తటి గుడ్డ పట్టీ వేళ్ల కింద వేసి రింగుకు కట్టి పైకి లాగి ఉంచాలి. పాదం పైభాగంలో తిమ్మిరి, బొటనవేలు పైకి లేవకపోవడం కనపడితే ఆ పూట నట్టు తిప్పకుండా డాక్టరుకు ఫోను చేయండి. పిక్క రాయిలా గట్టిపడి ఊపిరి ఆయాసం వస్తే ఫోను కూడా వద్దు, నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. రక్తం గడ్డ ఊపిరితిత్తుల్లోకి చేరి ఉండవచ్చు.

తీగలు చర్మంలో దూరిన చోట్ల చిన్న పుండ్లు దాదాపు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు వస్తాయి, భయపడక్కర్లేదు. కాచి చల్లార్చిన నీళ్లతోనో సెలైన్‌తోనో శుభ్రమైన గాజుగుడ్డ ముంచి, ఒక్కో తీగకు కొత్త ముక్క వాడుతూ తుడవాలి. బోరు నీళ్లు, పసుపు, కొబ్బరి నూనె పనికిరావు. ఎరుపు, చీము, అడుగేస్తే ఆ ఒక్క తీగ దగ్గరే పోటు కనపడితే మాత్రలతో తగ్గే దశలోనే చూపించాలి. వదులైన తీగ తీసేస్తే పుండు మానుతుంది, ఉంచితే చీము ఎముకలోకి దిగుతుంది. ఇంకో మాట: రింగులు వేసిన కాలి మీద వాకర్ పట్టుకుని డాక్టరు చెప్పినంత బరువు మోపి నడవాలి. మంచం మీదే ఉంటే కొత్త ఎముక బలహీనంగా ఉంటుంది.

పోలియో కాలికి ఈ లెక్కలన్నీ కాస్త మారతాయి, మారాలి. తొడ కండరం పడిపోయినవాళ్లు తొడ మీద చెయ్యి ఆనించి మోకాలిని వెనక్కి నెట్టి నడుస్తారు. లేదా కాస్త కిందికి వంగిన పాదమే ఆ మోకాలిని వెనక్కి తోసి నిలబెడుతుంది. అలాంటి కాలికి పాదాన్ని పుస్తకంలో ఉన్నట్టు 90 డిగ్రీలకు తెచ్చి అతికిస్తే మోకాలు లాక్ కాక మనిషి కూలబడతాడు. నొప్పితోనైనా నడిచిన మనిషిని నొప్పి లేకుండా కూర్చోబెట్టినట్టవుతుంది. ఆ మోకాలికి కావల్సిన కొద్ది డిగ్రీల వంపు ఉంచాలా, క్యాలిపర్ (కాలికి ఆసరాగా కట్టే కడ్డీల పట్టీ) వేయాలా అన్నది ముందు నడిపించి చూసి తేల్చాలి. క్యాలిపర్ వేసుకునే కాలిని ఒకటి రెండు సెంటీమీటర్లు పొట్టిగానే వదలాలి. బలహీనమైన కాలు ఊపుకుంటూ ముందుకు రావాలంటే నేలకు తగలకుండా ఆ సందు కావాలి. ఎముక సాగదీస్తే ఈ కండరాలు మామూలు కాలికన్నా త్వరగా అలసిపోతాయి, ఎముక పుట్టడమూ ఆలస్యమవుతుంది. అందుకని తక్కువే ఆశించాలి.

ఇక చెప్పుల సంగతి. ఇది చిన్న విషయంగా కొట్టిపారేస్తారు, మా లెక్కలో సగం వైద్యం ఇదే. బూటు లోపల మడమ కింద పెట్టే ముక్క ఒక సెంటీమీటరు దాటితే మడమ బయటికి జారుతుంది. అంతకు మించింది అడుగు అట్టకు వేయించాలి. మడమకే ఎత్తు వేస్తే పాదం ముందుకు జారి వేళ్లు నలుగుతాయి. 3 సెంటీమీటర్లు కావాలంటే మడమ కింద 3, వేళ్ల మొదట్లో 2, కొసన 1 చొప్పున సన్నబడుతూ వెళ్లాలి. షుగరు చెప్పులకు వాడే ఎం.సి.ఆర్. షీటు మెత్తన, పాదానికి ఆనే పొరకు బాగుంటుంది. ఎత్తుకు వాడితే మూడు నెలల్లో నొక్కుకుపోయి సెంటీమీటరు మాయమవుతుంది. ఎత్తుకు గట్టి ఈవీఏ (తేలికైన ప్లాస్టిక్ నురుగు షీటు), అన్నిటికన్నా కింద జారని రబ్బరు. అతికిన చీలమండకు అట్ట ముందు భాగం పడవ అడుగులా గుండ్రంగా ఉండాలి. ఆ గుండ్రం వేళ్ల మొదళ్లకు కాస్త వెనక నుంచి మొదలవ్వాలి. మరీ ముందుకు పెడితే పని చేయదు. ఇరవై ఏళ్లుగా పొట్టి కాలితో నడిచిన ఒంటికి ఒకేసారి మొత్తం ఎత్తు ఇస్తే నడుము పట్టేస్తుంది. అర సెంటీమీటరు చొప్పున రెండు వారాలకోసారి పెంచాలి. ఎంత వేయాలో డాక్టరు కాగితం మీద రాసివ్వాలి. కొంచెం ఎత్తు పెట్టించుకో అన్న నోటిమాటతో చెప్పులు కుట్టేవాళ్ల దగ్గరికి పంపడం అన్యాయం.

మన ఇళ్లలో గడప దగ్గరే చెప్పులు విడుస్తాం. అంటే వంటింట్లో, పూజ గదిలో, రాత్రి బాత్‌రూముకు లేచినప్పుడు ఆ ఎత్తంతా గుమ్మం బయటే ఉండిపోతుంది. రోజులో సగం సేపు, ముఖ్యంగా ఇంట్లోనే పనిచేసే ఆడవాళ్లయితే ముప్పాతిక సేపు, వాళ్లు పొట్టి కాలితోనే నడుస్తున్నారు. అందుకని అదే కొలతతో, వెనక పట్టీతో, ఇంట్లో వేసుకునే జత ఇంకొకటి తప్పనిసరిగా చేయించాలి. బయటి నేల తొక్కని చెప్పులు ఇంట్లో వేసుకుంటే మైల అంటదని పెద్దవాళ్లకు నచ్చజెప్పాల్సిన పని కూడా వైద్యంలో భాగమే. కాలు సాగదీసే నిర్ణయంలో ఇదొక న్యాయమైన కారణమని మేం నమ్ముతాం. చెప్పులు విప్పి బతికే మనలాంటి చోట పుస్తకాల్లోని సెంటీమీటర్ల గీతలు కొంచెం కిందికి జరగవచ్చు.

అతికించాక ఏం పోతుందో కూడా ముందే చెప్పాలి. గొంతుక్కూర్చోవడం పోతుంది, నేల మరుగుదొడ్డి కష్టం. ఇంట్లో కమోడ్ ఏర్పాటు ఆపరేషన్‌కు ముందే చేసుకోవాలి. బాసింపట్టు చాలామందికి చీలమండ కింద దిండు పెట్టుకుంటే వీలవుతుంది. నమాజులో మోకాళ్ల మీద కూర్చునే భంగిమలో పాదం వెనక్కి చాచలేరు, కుర్చీ మీద చేసుకోవాల్సి రావచ్చు. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ అయిన కాలు ముందు అని సిటీ బస్సు మెట్ల మీదికి వెళ్లకముందే ఫిజియోథెరపిస్టు నేర్పాలి. పది, ఇరవై ఏళ్లకు అతుకు కిందున్న కీలు అరగడం మామూలే, ఏడాదికోసారి చూపించుకుంటుండాలి.

రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. అయినా ఏ ఆపరేషన్‌కు ఏ ప్యాకేజీ, అందులో రింగుల చట్రం ఖర్చు కలుస్తుందా, ఆరు నెలల పాటు ఎక్స్‌రేలు, డ్రెస్సింగులు ఎవరు భరిస్తారన్నది చేరకముందే ఆరోగ్యమిత్రను అడిగి కాగితం మీద తీసుకోవాలి. చట్రం వేయడం ఒక రోజు పని, మోయడం నెలల పని. ఖర్చు మధ్యలో ఆగితే ఎముకా మధ్యలోనే ఆగుతుంది.

ఆస్పత్రుల పెద్దలకు, ఆరోగ్య శాఖకు మా విన్నపం ఇంతే. కాలి కీళ్ల ఆపరేషన్ జరిగిన ప్రతి రోగి డిశ్చార్జి కాగితంలో రెండు సంఖ్యలు రాయించండి: పలకల మీద నిలబెట్టి కొలిచిన తేడా ఆపరేషన్‌కు ముందు ఎంత, తర్వాత మిగలబోయేది ఎంత. కాలు మోపగలిగిన రోజు మళ్లీ కొలిచి ఆ రెండో సంఖ్య పక్కనే రాయండి. దాని కింద చెప్పు ఎత్తు ఎంత, మడమకు ఎంత, వేళ్లకు ఎంత అని ఒక వరస. పది చెక్క పలకలకు అయ్యే ఖర్చు తప్ప దీనికి వేరే బడ్జెట్ అక్కర్లేదు. రోగులకు చెప్పేది కూడా ఇదే. సంతకం పెట్టే ముందు "ఆపరేషన్ అయ్యాక నా కాలు ఎన్ని సెంటీమీటర్లు పొట్టిగా ఉంటుంది, దానికి ఏం చేస్తారు?" అని అడగండి. జవాబు అంకెల్లో వచ్చేదాకా తేదీ ఖాయం చేసుకోవద్దు.

ఇట్లు,
ఎముకల శస్త్రచికిత్స, ఫిజియోథెరపీ, క్యాలిపర్లు–పాదరక్షల తయారీ పనుల్లో ఉన్న కొందరం,
హైదరాబాద్